తునికిపాడు వంతెన మూసి వచ్చాను

బస్తర్ వెళ్లి వచ్చానంటే విశాఖపట్నంలో అందరూ ముందు అడిగేది జలపాతం చూశారా అని. చూడలేదు. దసరా రథం చూశారా అంటారు. నేను వెళ్లింది రోహిణి ఎండల్లో, అప్పుడు రథం ఎక్కడుంటుంది? నేను చూసింది ఒక వాగు, దాని మీద ఒక నడక వంతెన, ఆ వంతెన అవతల తునికిపాడు అనే ఒక చిన్న గూడెం. ఇది రాయాలా వద్దా అని చాలాకాలం ఊగిసలాడాను. అటువైపు వెళ్లనివాళ్లకు ఆ గూడెం సంగతి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరని చివరికి కూర్చున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. లోహపు వస్తువుల్ని లాగి, వంచి, విరగ్గొట్టి, ఎంత బరువు దగ్గర విరిగాయో చెప్పే ల్యాబ్‌లో ఇంజనీరుని. ఈ మధ్య మా దగ్గరికి కొత్తరకం ఇనుము వస్తోంది. దాన్ని అచ్చులో పోయరు, సమ్మెటతో కొట్టరు. పెద్ద రోబో చేయి ఒకటి వెల్డింగ్ తీగను కరిగిస్తూ పొర పోస్తుంది, ఆ పొర మీద ఇంకో పొర, అలా మనిషి నడుమంత ఎత్తు వస్తువును కూడా కట్టేస్తుంది. ప్రింటింగ్ అంటారు. చేత్తో తడిమితే గోడకు కొట్టిన పిడకల్లా వరసలు తెలుస్తాయి. పొర పొడవునా లాగితే ఆ ఇనుము మామూలు ఉక్కుకు తీసిపోదు. పొరను పొర నుంచి ఊడదీసేలా లాగినప్పుడు ఎంత ఆగుతుంది అన్నదే మా ప్రశ్న.

తునికిపాడు వంతెనలో గొట్టాలు కలిసే జాయింట్లన్నీ అలా ప్రింటు చేసినవే. అక్కడికి లారీ పోదు, క్రేను పోదు. వాగు రెండు గట్లూ ఎగుడుదిగుడు, కాబట్టి ఏ రెండు జాయింట్లూ ఒకలా ఉండవు. ఒక్కోదానికీ ఒక్కో అచ్చు చేయించడం కంటే ప్రింటు చేయడం తేలిక. పైగా ఇద్దరు మనుషులు కావడి వేసి మోయగలిగేంత బరువే ఉంటాయి. ఒక చిన్న కంపెనీ వాటిని చేసింది. నమూనాగా రెండిటిని మా ల్యాబ్‌కు పంపింది. మేం విరగ్గొట్టి చూశాం, బాగున్నాయి. మిగతావి వాళ్లే పరీక్షించుకుని పంపారు. వంతెన నిలబడింది, ఒక వానాకాలం గడిచింది. కంపెనీ మూతపడింది. రెండో వానలు రాకముందు ఒకసారి ఎవరైనా వచ్చి చూడాలని జిల్లా ఆఫీసు మా ల్యాబ్‌కు రాస్తే, నేను బయలుదేరాను.

కిరండూల్

విశాఖపట్నం నుంచి పొద్దున్నే బయలుదేరిన రైలు అరకు సొరంగాలన్నీ దాటి, కొరాపుట్ దాటి, పొద్దుగూకే వేళకు కిరండూల్ చేర్చింది. దారి పొడవునా ఎదురొచ్చినవి ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్లే. అవి పక్కనుంచి పోయినప్పుడల్లా పెట్టెలోకి ఎర్రటి దుమ్ము కొట్టేది. నా తెల్లటి చున్నీ సాయంత్రానికి కావి రంగు తేలింది.

కిరండూల్‌లో తెలుగు వినడానికి ఎక్కువ వెతకక్కర్లేదు. స్టేషను దగ్గర టిఫిను బండి నడిపే పార్వతమ్మది శ్రీకాకుళం జిల్లా. భర్త గనిలో డంపర్ నడిపి రిటైరయ్యాడు. ఇంకో చోటికి వెళ్లడం తెలియక ఇక్కడే ఉండిపోయామంది. ఆవిడ ఇడ్లీల్లోకి చింతపండు పచ్చడి వేసింది. ఇక్కడ చింతపండు మా దగ్గర కంటే చాలా చవక, అందుకే అన్నిట్లోనూ ఉంటుంది.

"ఏటి పని మీద వచ్చారమ్మా?" అని అడిగింది.

బాసగూడ అవతల వంతెన చూడ్డానికి అన్నాను.

"ఇక్కడికొచ్చినోళ్లందరూ కొండని తవ్వి అట్టుకెళ్లిపోడానికే వస్తారు. ఉన్నదాన్ని బాగుందో నేదో చూడ్డానికొచ్చినోళ్లని నేను చూడనేదు," అంది. ఇంకో ఇడ్లీ వేసి డబ్బులు తీసుకోలేదు.

వెనకాల బైలాడిలా కొండ సగం కోసిన పుచ్చకాయలా ఎర్రగా ఉంది. ఈ ఊరివాళ్లు దాన్ని రోజూ చూస్తారు కాబట్టి అటు చూడరు.

గీదం సంత, బాసగూడ

మర్నాడు జీపు. నడిపేవాడు లఖ్ము, హల్బా తెగవాడు, నెరిసిన మీసాలున్న పెద్దమనిషి. నాతో హిందీ, దారిలో దోస్తులతో హల్బీ, పోలీసు తనిఖీ నాకా దగ్గర జవాన్లతో ఇంకో రకం హిందీ మాట్లాడాడు. గీదం సంతలో ఆపి నాకు చాపడా రుచి చూపించాడు. ఎర్రచీమల్ని గుడ్లతో సహా ఉప్పూ మిరపకాయా వేసి నూరిన పచ్చడి. ఆకు దొన్నెడు పది రూపాయలు. మా గోంగూర పులుపు నాలుక మీద ఆగుతుంది, ఇది చెవుల దాకా పోతుంది. నా ముఖం చూసి అమ్మే ఆవిడ నవ్వి, మంచినీళ్ల బదులు మడియా పేజు ముంతతో అందించింది. పలచటి రాగి అంబలి. ఆ ఎండలో దానంత చల్లనిది ఇంకోటి తాగలేదు.

బిజాపూర్ దాటాక రోడ్డుకు రెండు వైపులా ఖాళీ పొలాల్లో తునికాకు కట్టలు వరసలుగా ఆరబెట్టి ఉన్నాయి. ఆ ఆకు వాసన ఎండలో పొగాకులా కాకుండా ఎండుగడ్డిలా ఉంటుంది. బాసగూడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

అక్కడ మాకు ఆసరా సత్యం శెట్టిగారు. కిరాణా, బట్టలు, మేకులు, మందుబిళ్లలు, అన్నీ అమ్మే దుకాణం. వాళ్ల తాత తెలుగు వైపున్న చర్ల నుంచి ఎడ్లబండి మీద ఉప్పు తెచ్చి అమ్మేవాడట. గొడవలకు ఊరు ఖాళీ అయిన రోజుల్లో వీళ్లూ చర్లకు పోయి తలదాచుకున్నారు. తిరిగి వచ్చేసరికి దుకాణం కప్పు లేదు. "మా నాయన కప్పు లేని దుకాణంల కూసోని మొదటి దినమే ఉప్పు అమ్మిండు," అని చెప్పారు. వంతెన సామాను దింపించిందీ, మనుషులను పిలిచిందీ, కంపెనీవాళ్ల మాటలు గూడెం వాళ్లకు చెప్పిందీ ఈయనే.

ఆ రాత్రి శెట్టిగారి భార్య మామిడికాయ పప్పు, లేత వెదురు మొలకల వేపుడు పెట్టింది. వెదురు మొలకల వాసన నాకు కొత్త. పులిసిన వాసన. రెండో ముద్దకు అలవాటైపోయింది. అన్నం తింటుండగా నా సంచి సర్దుతూ లఖ్ము "మేడమ్, యే క్యా?" అంటూ తీశాడు. వంతెన చూసే యంత్రానికి రాసే జిగురు సీసా ఎండకు ఉబ్బి మూత ఊడింది. ఉన్నదంతా సంచిలోని నా చీర మీదకు పోయింది.

వాగు దగ్గర

మర్నాడు జీపు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి నడక. ఆ ఎండాకాలం వాగులో నీళ్లు పాదాలు తడిసేంతే. పిల్లలు అటూ ఇటూ పరిగెడుతున్నారు. చూస్తే ఎవరైనా ఇంత చిన్న వాగుకు వంతెనేమిటి అంటారు. గట్టున ఉన్న మద్దిచెట్టు కొమ్మల్లో మనిషి తలకంటే చాలా పైన ఎండిపోయిన చెత్త వేలాడుతోంది. పోయిన ఏడాది వరద అక్కడిదాకా వచ్చిందన్నమాట.

వంతెన అందంగా ఉంది. బూడిద రంగు గొట్టాలు, వాటిని కలుపుతూ వరసలు వరసలుగా ఉబ్బెత్తు జాయింట్లు. దూరం నుంచి చూస్తే వెదురు కణుపుల్లా ఉన్నాయి. కింద వెదురు తడికల నడక దారి.

అక్కడ నాకోసం కుర్సం గంగయ్య, ఆయన భార్య ముత్తమ్మ నిలబడి ఉన్నారు. దోర్ల తెగవాళ్లు. ఇంట్లో దోర్లీ, నాతో తెలుగు. ముత్తమ్మకు యాభై దాటి ఉంటాయి. సన్నగా, గట్టిగా ఉంది. నుదుటి మీద పచ్చబొట్టు. ఆమె నన్ను చెల్లె అంది, నేను ఆమెను అక్కా అన్నాను. దానికి పరిచయాలేమీ అవసరం రాలేదు. మా వైపు కొత్తవాళ్లను ముందు ఊరూ, తర్వాత కులమూ అడుగుతారు. ఆమె ముందు చెంబుతో నీళ్లిచ్చి, తాగేదాకా ఏమీ అడగలేదు.

"ఇగో, ఈ నడుమ ముక్క మా ఆయన, మా మరిది కొడుకు మోసిండ్రు," అని ఒక జాయింటు చూపించింది. "రోడ్డు కాడ్నించి గూడెం మొగోళ్లంత మోసిండ్రు. బువ్వ నేనే వండిన."

తర్వాత ఇంకో మాట అడక్కుండానే చెప్పింది. ఆ గట్టు మీద కూర్చుని, వాగు వైపు చూస్తూ.

"నా బిడ్డ పేరు సమ్మక్క. నొప్పులొస్తే మంచం మీద ఏసుకొని ఈడిదాంక తెచ్చినం. వాగు నిండుగ ఉన్నది. దిగుదమంటే దిగనియ్యలే. పొద్దుగాల నుంచి మాపటిదాంక ఇదే గట్టున కూసున్నం. అవతల గట్టున ఆసుపత్రి బండి ఆగి ఉన్నది. మాకు కనవడ్తున్నది. ఆ బండోడు చేతులూపిండు. ఈడనే పోయింది. కడుపుల పిల్లతోటి."

గంగయ్య వేరే వైపు నడిచి వెళ్లిపోయాడు.

"గందుకే ఇల్లిల్లు తిరిగి మొగోళ్లను మోయమన్న. పోయిన వానలల్ల ఇంకో పిల్లను దీని మీదికెల్లే తీస్కపోయిండ్రు. తల్లి, కొడుకు మంచిగ వచ్చిండ్రు," అంది. అక్కడ వాగులో ఆడుతున్న పిల్లల మధ్య ఒక ఆడమనిషి నడుమున పసివాడు ఉన్నాడు. వాడిని చూపించింది.

ఇప్పనూనె

మా యంత్రం ఇనుములోకి శబ్దం పంపుతుంది. మనిషి చెవికి వినబడని శబ్దం. అది అవతలి అంచుకు తగిలి వెనక్కి వస్తే తెర మీద ఒక గీత లేస్తుంది. మధ్యలో ఎక్కడైనా పగులో ఖాళీనో ఉంటే, శబ్దం అక్కడే తగిలి ముందే వెనక్కి వచ్చేస్తుంది, గీత ముందే లేస్తుంది. యంత్రపు మొనకూ ఇనుముకూ మధ్య గాలి ఉండకూడదు, అందుకే జిగురు. జిగురు నా చీరకు అంటుకుపోయింది కదా. శెట్టిగారి దుకాణంలో గ్రీజు ఉంది కానీ అది మరీ గట్టిది. నా అవస్థ విని ముత్తమ్మ ఇంటికి వెళ్లి సీసాడు ఇప్పనూనె తెచ్చింది. వాళ్లు కూరలోకీ తలకూ దీపానికీ అదే వాడతారు. రాసి చూస్తే పని చేసింది. ఎండకు ఆ నూనె వాసన మత్తుగా లేచింది.

ప్రింటు చేసిన ఇనుము గరుకుగా ఉంటుంది కాబట్టి, చూడడానికి వీలుగా జాయింట్ల మీద కొన్ని చోట్ల ముందే నునుపు చేసి ఉంచారు. ఒక్కోదాన్నీ చూసుకుంటూ పోయాను. బాగున్నాయి. నా మనసు తేలికపడింది. ముత్తమ్మ నా వెనకే నూనె సీసా పట్టుకుని నడుస్తోంది.

వంతెన నడిమధ్య అడుగు భాగంలో ఉన్న జాయింటు దగ్గర గీత ముందే లేచింది.

తుడిచి, నూనె రాసి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. పక్కనుంచి పెట్టాను. జాయింటు వెడల్పులో సగానికి సగం గీత ముందే లేస్తోంది. పొరకూ పొరకూ మధ్య, లోపల, పగులు పరుచుకుని ఉంది. అది మొదటినుంచీ కొంత ఉండి, పోయిన వానల్లో కొట్టుకొచ్చిన మానులు తగిలీ, మనుషులు నడిచీ పెరిగి ఉంటుంది. నడుమ అడుగున ఉన్న జాయింటు అంటే వంతెన మొత్తం దాన్నే పట్టుకుని లాగుతుంది, అదీ సరిగ్గా పొరల్ని విడదీసే వైపు. అది తెగితే ఆపేది ఇంకోటి లేదు.

బయట నుంచి చూస్తే ఏమీ లేదు. వేలి గోరుతో గీసినా తగలదు.

"ఏంది చెల్లె?" అంది ముత్తమ్మ.

ముందు మాతో వచ్చి గట్టున ఆగిన శెట్టిగారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నారు. "ఈ మాట నేను చెప్పలేనమ్మా. నేనే తిరిగి తిరిగి మోయించిన. మీరే చెప్పుండ్రి," అన్నారు.

గంగయ్య వాకిట్లో

సాయంత్రం గంగయ్య వాకిట్లో అందరూ కూర్చున్నారు. అందరికీ జీలుగు కల్లు దొన్నెల్లో పోశారు. నాకూ ఇచ్చారు. మా వైపు ఆడవాళ్లకు అలా అందరిలో పోయరు, ఇక్కడ పోయకపోతే తప్పు. నేను పుచ్చుకుని, చెప్పాల్సింది చెప్పాను. వంతెన మీద ఎవరూ నడవకూడదు, కొత్త జాయింటు తయారయ్యేసరికి వానలు వచ్చేస్తాయి కాబట్టి అవి అయ్యాకే పాతది తీసి కొత్తది పెట్టాలి.

తర్వాత గంగయ్య తమ్ముడి కొడుకు ఉంగా లేచాడు. జాయింటు మోసినవాడు.

"కంటికి కానరాని పగులంట," అన్నాడు. "ఇయ్యబుద్ది గాకుంటే ఇయ్యమని చెప్పుండ్రి. రోడ్డుకు గిట్లనే చెప్పిండ్రు. బడికి గిట్లనే చెప్పిండ్రు."

"వెల్డింగు పెట్టరాదా?" అని ఇంకొకరు అడిగారు.

ఆ వేడికి లోపలి పగులు ఇంకా చీలుతుందని చెప్పాను. చుట్టూ పట్టీ బిగించొచ్చు కదా అన్నారు. జాయింటు వంకర ఆకారానికి సరిపోయే పట్టీని తయారు చేసి తేవడానికి పట్టే సమయంలో కొత్త జాయింటే వస్తుందని చెప్పాను. ఒక్కొక్కరమే నడుస్తాం, ఆగి ఆగి నడుస్తాం అన్నారు.

ఒక్క మనిషిని అది మోస్తుంది, ఆ సంగతి నాకు తెలుసు. కానీ వరదరోజున మంచం మోసే నలుగురు ఒక్కొక్కరుగా నడవరు. వరద తెచ్చే మానులకు ఒక్కొక్కటిగా తగలమని చెప్పలేం. సరే అని నేను ఒకసారి అంటే, ఆ సరే ఎక్కడ ఆగుతుందో నా చేతిలో ఉండదు.

"వద్దు. ఒక్కరు కూడా వద్దు," అన్నాను.

ఉంగా దొన్నె విసిరేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ముత్తమ్మ నన్ను వెంటబెట్టుకుని వంతెన దగ్గరికి వచ్చింది. "నాకు సూపెట్టు," అంది. వంతెన ఎక్కకుండా, వాగులో నిచ్చెన వేయించి యంత్రం మొన ఆమె చేతికిచ్చాను. ముందు పక్క జాయింటు మీద పెట్టించాను. గీత చివర లేచింది. ఆమె దాన్ని చూసింది. తర్వాత నడిమి జాయింటు మీద తనే నూనె రాసి తనే పెట్టింది. గీత ముందే లేచింది. మొనను మెల్లగా జరిపింది. బాగున్న వైపు గీత చివరికి పోయింది, మళ్లీ పగులు వైపు జరిపితే ముందుకొచ్చింది. అలా ఎన్నిసార్లు జరిపిందో. చివరికి చేయి తీసి ఆ జాయింటును అరచేత్తో కాసేపు పట్టుకుంది, జ్వరం చూసినట్టు.

"ఉన్నది," అంది.

వెళ్లి ఉంగాను పిలుచుకొచ్చి వాడి చేతా పెట్టించింది. వాడు నాతో మాట్లాడలేదు, కానీ మధ్యాహ్నానికి వాడూ ఇంకో ముగ్గురూ రేగుకంప కొట్టుకొచ్చి వంతెన రెండు చివర్లా అడ్డం వేశారు. అడుగు తడికలు కొన్ని తీసేశారు. ముత్తమ్మ దగ్గర నిలబడి చేయించింది. పసివాడి తల్లి బిడ్డను ఎత్తుకుని దూరం నుంచి చూస్తోంది.

బయలుదేరేటప్పుడు ముత్తమ్మ ఎండు తునికి పండ్లు మూటకట్టి ఇచ్చింది.

"కొత్తది ఎప్పుడొస్తది?" అని అడిగింది.

"వానలు తగ్గాక, అక్కా."

"వానలకే గద చెల్లె వంతెన," అంది. నిష్ఠూరంగా కాదు. ఉన్నమాట చెప్పింది.

తోంగ్‌పాల్

తిరుగు దారి దోర్నపాల్, సుక్మా మీదుగా. జగదల్‌పూర్ వెళ్లే పెద్ద రోడ్డు మీద తోంగ్‌పాల్ దగ్గర లఖ్ము టీ కోసం ఆపాడు. హోటలు బల్ల మీద కూర్చుని ఆఫీసుకు పంపాల్సిన రిపోర్టు ఫోనులో రాశాను. మూడు వాక్యాలు. పగులు ఉంది, వంతెన మూయించాను, వర్షాకాలంలో గూడేనికి పడవో, ఆరోగ్య కార్యకర్తో తప్పనిసరిగా కావాలి. మూడోది నా పని కాదు. అయినా రాశాను.

హోటలామె బజ్జీలు తెచ్చింది. తినలేకపోయాను. లఖ్ము నావైపు చూసి, హిందీలో, "మీరు ఒక మంచి పని చేసి వస్తున్నారు, ముఖం ఎందుకలా పెట్టారు?" అన్నాడు.

"మంచి పనేనా, భాయీ?"

ఆయన ఆలోచించాడు. "కూలిపోయే దాని మీద మా అమ్మను నడవనిస్తానా," అన్నాడు. కానీ ఆయనా బజ్జీ సగంలో వదిలేశాడు. కొండల మీద దక్షిణం వైపు మబ్బు పట్టింది. ఇంకా రావాల్సిన రోజులు కావు. జగదల్‌పూర్ చేరేలోగా రోడ్డు తడిసి మట్టివాసన లేచింది. ఆ వాసన అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఆ రోజు జీపు అద్దాలు ఎత్తేయమన్నాను.

ఇంటికి వచ్చాక

వానాకాలం మొదలైంది. పడవ గురించి ఫోన్లు చేశాను. వస్తుంది, ఫైలు నడుస్తోంది అన్నారు. కొత్త జాయింటు చేయడానికి ఇంకో వర్క్‌షాపును ఒప్పించాను. నాట్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం సత్యం శెట్టిగారు ఫోను చేశారు. ఆయన మామూలుగా ముందు వాన సంగతి, వ్యాపారం సంగతి మాట్లాడతారు. ఆ రోజు అవేమీ లేవు.

"ముత్తమ్మ పోయిందమ్మా."

పొద్దున నారు పీకుతుంటే పాము కరిచింది. ఉంగా, ఇంకో ముగ్గురు మంచం మీద వేసుకుని గట్టుకు తెచ్చారు. వాగు నిండుగా ఉంది, పడవ ఇంకా రాలేదు. నలుగురూ వంతెన మీద కంప లాగేశారు. ఊడదీసిన తడికల చోట పలకలు పరిచారు.

"ఆమెనే వద్దన్నదట," అన్నారు శెట్టిగారు. "ఉంగా జెప్పిండు. కండ్లు మూతలు వడ్తున్నయి గాని తెలివి ఉన్నది. మంచం పట్టె గట్టిగ పట్టుకొని, 'నేను సూసిన. పగులు ఉన్నది. నా ఒక్కదాని కోసం నలుగురు పోవద్దు' అన్నది. వాళ్లు ఇనలే. ఎత్తిండ్రు. ఎత్తితే మంచం మీదికెల్లి కిందికి దొర్లింది. ఇగ వాళ్లు ఏం జేస్తరు? కూసున్నరు. పొద్దు వాలినంక నీళ్లు తగ్గినయి. అప్పటికి లేదు."

నేను ఫోను పెట్టేసి ల్యాబ్ మెట్ల మీద కూర్చున్నాను. లోపల యంత్రం దేన్నో లాగుతున్న చప్పుడు వస్తూనే ఉంది. మా వాళ్లెవరో వచ్చి ఏమైందని అడిగారు. బస్తర్‌లో మా అక్క పోయిందన్నాను. నాకు అక్కలు లేరని వాళ్లకు తెలుసు, అయినా ఇంకేమీ అడగలేదు.

వానలు వెనకబట్టాక ఆ జాయింటును విప్పి లారీలో మాకు పంపారు. దాన్ని వేరేవాళ్లకు ఇవ్వలేదు, నేనే యంత్రంలో బిగించాను. వంతెనలో ఎలా లాగబడుతుందో అలాగే లాగించాను. బరువు పెంచుతూ పోయాం. ఉండాల్సిన బలంలో సగం కూడా చేరకుండానే పెద్ద చప్పుడుతో తెగింది. రెండు ముక్కలూ తిప్పి చూశాను. తెగిన ముఖంలో సగం తెల్లగా, గరుకుగా, అప్పుడే విరిగిన ఉక్కులా మెరుస్తోంది. మిగతా సగం నల్లగా నునుపుగా ఉంది. ప్రింటు చేసేటప్పుడు మధ్యలో యంత్రం ఎందుకో ఆగింది. కరెంటు పోయిందో, తీగ అయిపోయిందో. చల్లారి నల్లబడిన పొరను శుభ్రం చేయకుండా దాని మీదే మళ్లీ పోశారు. ఆ రెండు పొరలూ ఎప్పుడూ అతుక్కోలేదు. నేను చెప్పింది అక్షరాలా నిజం. వానాకాలపు వంతెనగా అది పనికిరాదు.

కానీ అది తెగిన బరువును నేను ఊరికే వదల్లేకపోయాను. కాగితం మీద వంతెన సొంత బరువు వేశాను. దాని మీద నలుగురు మనుషులు, ఒక మంచం, సన్నటి ఒక ఆడమనిషి బరువు వేశాను. రెండుసార్లు వేశాను. ఆ బరువుకు జాయింటు తెగదు. చాలా మిగులుంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా కొన్నాళ్లు ఉన్నాను. చలి మొదలయ్యాక కొత్త జాయింటు తయారైందని చెప్పడానికి శెట్టిగారికి ఫోను చేశాను. "గంగయ్య దుకాణంలనే ఉన్నడమ్మా, మీతోటి మాట్లాడతడట," అని ఆయన ఫోను అటు ఇచ్చారు.

గంగయ్య ఫోనులో గట్టిగా మాట్లాడతాడు, వాగు అవతలి మనిషితో మాట్లాడినట్టు.

"ఇరగ్గొట్టినవా?"

"విరగ్గొట్టాను అన్నా."

"పగులు ఉండెనా?"

"ఉంది. నేను అనుకున్నదానికంటే పెద్దది."

"ఆ దినం మావోళ్లు దాని మీదికెల్లి పోతే, పడుదురా?"

అవును అన్నానంటే చాలు. నీ భార్య నలుగురిని కాపాడింది అన్నానంటే ఆయనకూ ఊరట, నాకూ ఊరట. నోటిదాకా వచ్చింది.

"పడేవాళ్లు కాదు అన్నా," అన్నాను. "మా యంత్రం మీద చూస్తే, ఆ నలుగురినీ, మంచాన్నీ, అక్కనూ అది ఆ ఒక్కసారికి మోసేది. వరదలో మాను వచ్చి కొడితే ఏమయ్యేదో నేను చెప్పలేను. కానీ ఉత్త ఆ బరువుకైతే పడదు."

దుకాణంలో ఎవరో పంచదార అడుగుతున్నారు. తక్కెట్లో రాయి పడిన చప్పుడు వినిపించింది.

"పగులు ఉన్న మాట నిజమే గద?" అన్నాడు గంగయ్య మళ్లీ.

"నిజమే."

"గంతే. ఆమె అబద్దం నమ్మి పోలే." గొంతు తగ్గించాడు. "ఉంగా గాడికి నువ్వు చెప్పకు. వాడు ఇప్పటికి సరిగ బువ్వ తింటలేడు. నేనే చెప్త. ఇప్పుడు గాదు. ఎప్పుడన్న ఇద్దరమే ఉన్నప్పుడు చెప్త."

సరేనన్నాను. ఆయన ఉంగాకు చెప్పాడని, ఇక నేను ఎవరికైనా చెప్పుకోవచ్చని శెట్టిగారి ద్వారా తెలిసిన తర్వాతే ఇది రాస్తున్నాను. వాడేమన్నాడని నేను అడగలేదు.

ఆ రోజు ఫోను మళ్లీ శెట్టిగారి చేతికి వచ్చింది. కొత్త జాయింటును ప్రింటు చేస్తున్నంతసేపూ నేను పక్కనే ఉన్నానని, పొర పొరా చూసి పంపుతున్నానని చెప్పాను. మంచిదమ్మా అన్నారు. గంగయ్య ఎలా ఉన్నాడని అడిగాను.

"ఉప్పు తీస్కోని అగో పోతనే ఉన్నడు," అన్నారు. "చెప్పులు ఈడ్నించే చేతుల పట్టుకున్నడు. వాగుల ఇప్పుడు పాదం మునిగేటన్ని నీళ్లే గద."